చింతపండు నల్లబడితే కుళ్లినట్టేనా?



థింసా ఆడి వచ్చినవాళ్లకు కెమిస్ట్రీ అంటే విసుగే. కానీ నేను చెప్పేది మన చింతపండు సంగతి. మాఘం దాటాక పెంకు కొట్టి, ఈనెలు లాగి, పిక్క తీసి వేళ్లు మంటెక్కని ఇల్లు మన గూడేల్లో ఉందా?

మామిడి పండేకొద్దీ పులుపు తగ్గుతుంది. చింత పండినా పుల్లనే. దానిలోది టార్టారిక్ ఆమ్లం. కాయ పండినా అది పెద్దగా ఖర్చయిపోదు. గుజ్జులో నూటికి 8 నుంచి 18 పాళ్ల దాకా అదే. నిమ్మరసంలో ఆమ్లం 5, 6 పాళ్లు. చింతలో తీపీ ఉంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిపి దాదాపు మూడో వంతు, కానీ పులుపు దాన్ని పైకి రానివ్వదు. రాగి చెంబు మీది చిలుమును కరిగించేదీ ఆ ఆమ్లమే. అందుకే పులుసును అల్యూమినియం గిన్నెలో రాత్రంతా ఉంచొద్దు.

పుల్లగా ఉంది కాబట్టి సి విటమిన్ దండిగా ఉంటుందని నేనూ అనుకునేవాణ్ని. 100 గ్రాముల్లో 3, 4 మిల్లీగ్రాములే. దానికి ఉసిరికాయ తినండి. చింతలో పొటాషియం మాత్రం 600 మిల్లీగ్రాముల పైనే.

ఇక అసలు విషయం. నేను డిగ్రీ చదివేటప్పుడు అమ్మ వానాకాలం దాకా దాచిన పండు సంతకు తెచ్చింది. షావుకారు బుట్టలో చెయ్యి పెట్టి, "నల్లబడింది, కుళ్లిన సరుకు" అని సగం ధర కట్టాడు. అమ్మ తలొంచుకుంది. పక్కనే ఉన్న నేనూ నోరెత్తలేదు. పుస్తకంలో చదివింది బుట్టలో ఉందని నాకు తట్టలేదు మరి.

నల్లబడటం కుళ్లడం కాదు. గుజ్జులోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు మెల్లగా కలిసి ముదురు రంగు పదార్థాలవుతాయి. దీన్ని మెయిలార్డ్ చర్య అంటారు. రొట్టె కాలిస్తే ఎర్రబడేదీ దానివల్లే. రంగు మారినా పులుపు పోదు. బూజు పట్టినా, సారా వాసన వచ్చినా అది వేరు, అది చెడినట్టే. అయితే ఎర్ర పండుకే గిరాకీ ఎక్కువన్నది నిజం. వేడి, తేమ ఈ చర్యను తొందరపెడతాయి. కాబట్టి బాగా ఆరబెట్టి, గాలి చొరకుండా నొక్కి కట్టి, చల్లని చోట పెట్టండి.

పిక్కనూ పారేయకండి. కాయ బరువులో సుమారు మూడో వంతు అదే. దాని పప్పులో జైలోగ్లూకాన్ అనే జిగురు పదార్థం ఉంది. ఆ పొడిని నూలుకు గంజి పెట్టడానికి మిల్లులు వాడతాయి. మనం ఆకలి తీర్చుకోవడానికి వేయించుకు తిన్న పిక్కే అది.

సంతకు వెళ్లేముందు గిరిజన సహకార సంస్థ డిపోలో ధర అడిగి వెళ్లండి. అమ్మను ఒంటరిగా పంపొద్దు.

ఆ బల్ల మీద రెండు సీసాలు పెట్టాను. ఒకటి ఈ ఏటి పండు, రెండోది రెండేళ్ల పాతది, బొగ్గులా ఉంది. భోజనానికి వెళ్లేముందు కళ్లు మూసుకుని నాలిక మీద పెట్టుకుని, ఏది ఏదో చెప్పండి చూద్దాం.