ఖైదీలు కట్టిన ఊరు

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన మన పోర్ట్ బ్లెయిర్‌లో చరిత్ర ఎక్కడుందని అడిగితే, ఎవరైనా సెల్యులార్ జైలు దారే చూపిస్తారు. ఆ జైలు గొప్పదనాన్ని కాదనేవారు ఎవరూ లేరు. అయితే ఈ ఊరి వారసత్వానికి పునాది ఆ జైలు కాదనీ, గోల్ ఘర్ లాంటి పేటల్లో కాపురాలు నిలబెట్టుకున్న సామాన్యుల బతుకే ఆ పునాది అనీ నా వాదన. ఇందుకు మొదటి సాక్ష్యం తేదీలే. బ్రిటిష్ అధికారి డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగింది 1858 మార్చి 10న. జైలు పని మొదలైంది 1896లో, ముగిసింది 1906లో. అంటే దాదాపు యాభై ఏళ్లపాటు ఆ జైలు లేకుండానే ఊరు పెరిగింది. అడవి కొట్టి, బాటలు వేసి, చాథమ్‌లో 1883లో వెలసిన రంపపు మిల్లుకు దుంగలు మోసిన ఖైదీ శ్రమే చివరికి ఆ జైలు గోడలనూ లేపింది.

రెండో సాక్ష్యం మనుషులు. సత్ప్రవర్తనతో కొన్నేళ్లు గడిపిన ఖైదీకి టికెట్ ఆఫ్ లీవ్ ఇచ్చి సేద్యం చేసుకోనిచ్చేవారు. ఖైదీ స్త్రీని పెళ్లాడనిచ్చేవారు. ఏ ప్రాంతం, ఏ కులం అన్న పట్టింపు సడలిన ఆ కాపురాల సంతతే నేటి ‘లోకల్ బార్న్’ సమాజం. వారి ఇంటి భాష హిందుస్తానీ. 1921 మలబారు తిరుగుబాటు తరవాత మాప్పిళ్లలు, 1925లో బర్మా నుంచి కరెన్ తెగవారు, దేశ విభజన తరవాత తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చారు. ఉత్తరాంధ్ర తీరం నుంచి బెస్తవారు, కూలీలు విశాఖ ఓడెక్కి వచ్చి చేపలవేటలో, కట్టడం పనుల్లో కుదురుకున్నారు. 2011 జనాభా లెక్కల నాటికి ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం.

ఇలా చెబితే ఆ జైల్లో మగ్గిన దేశభక్తుల త్యాగం చిన్నబోతుందని కొందరంటారు. చిన్నబోదు. 1937 నిరాహార దీక్ష తరవాత రాజకీయ ఖైదీలను తిరిగి మెయిన్‌లాండ్ జైళ్లకు పంపక తప్పలేదు. అది వారి విజయం. కానీ వారు వెళ్లాకా ఊరు మిగిలింది, దాన్ని నిలబెట్టినవారూ మిగిలారు. నేరస్థుల సంతతిలో గర్వపడటానికి ఏముందన్నది మరో ప్రశ్న. తాతకు పడిన శిక్ష మనవడి చెమటకు మచ్చ కాదు. పైగా 1858లో దిగినవారిలో చాలామంది నేరం తెల్లదొరలను ఎదిరించడమే. అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ మూడోది: ఈ నేల అంతకుముందే గ్రేట్ అండమానీయులది కదా? నిజమే. 1859లో అబర్డీన్ దగ్గర వారు విల్లంబులతో ఎదురునిలిచి పోరాడారు. 1877లో వలసతో వచ్చిన తట్టు వారిని ఊచకోత కోసింది. 2011లో వారు 44 మందే. ఈ నష్టాన్ని మొదటి పుటలో రాయని ఊరిచరిత్ర అబద్ధమే అవుతుంది. సామాన్యుల చరిత్ర కావాలన్న నా వాదన ఆ పుటను కూడా కోరుతుంది.

జైలును కాపాడటానికి ప్రభుత్వం ఉంది. 1979లోనే దాన్ని జాతీయ స్మారకం చేసింది. పేటల చరిత్రను కాపాడే బాధ్యత మనది. పాత పట్టాలు, ఓడ టికెట్లు, పెళ్లి ఫొటోలు చెదలపాలు కాకముందే ప్రతి తెలుగు ఇల్లూ తన పెద్దల మాటలను తెలుగులో రాయించి భద్రపరచాలని, ఆ పనికి మన బడుల్లోని ఉపాధ్యాయులు ముందు నడవాలని కోరుతున్నాను.