కడుపు ఆపరేషన్ అయిన మూడేండ్లకు కాళ్ళు ఎందుకు మొద్దుబారినయ్?

బుగ్గారం నుంచి మాట్లాడుతున్నా. ఇవాళ కోడింగ్ లేదు, ఫోన్లు లేవు. మా పెద్దబాపు ముచ్చట చెప్తా.

కడుపులో క్యాన్సర్ వస్తే ఆయనకు జీర్ణాశయం మొత్తం తీసేశారు. గండం గడిచిందని అందరం ఊపిరి పీల్చుకున్నం. మూడేండ్ల తర్వాత అరికాళ్ళల్ల తిమ్మిర్లు మొదలైనయ్. చెప్పు జారిపోయినా తెలుస్తలేదు. రాత్రి కరెంట్ పోతే గోడ పట్టుకోకుండా నడవలేడు. "వయసు మీద పడ్డది రా" అన్నాడు. మేమూ నమ్మినం. రక్తం తక్కువుందని ఐరన్, ఫోలిక్ యాసిడ్ గోలీలు వాడిండు. మొహం తేటబడ్డది, కాళ్ళు మాత్రం ఇంకా మొద్దుబారినయ్. చివరికి రక్తపరీక్షలో తేలింది: విటమిన్ బీ12 అడుగంటింది.

ఎందుకట్లా? జీర్ణాశయం గోడల్లో 'ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్' అనే ప్రొటీన్ తయారవుతుంది. అది బీ12ని పట్టుకుంటేనే చిన్నపేగు చివరి భాగం దాన్ని లోపలికి తీసుకుంటుంది. ఖాతాల పైసలున్నా ఓటీపీ రాకపోతే పేమెంట్ పోదు కదా, అట్లనే. మటన్, గుడ్లు, పాలు ఎంత పెట్టినా ఒంటికి పట్టదు. కాలేయంలో ఉన్న పాత నిల్వ కొన్నేండ్లు నెట్టుకొస్తుంది. అందుకే ఈ తిమ్మిరికి ఆ ఆపరేషన్‌తో సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

మరి గోలీలు ఎందుకు పనిచేయలే? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ 1945లో అమెరికాలోని లెడర్లే ల్యాబ్‌లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. గొప్ప మందే. కానీ బీ12 లోపానికి అదొక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. బీ12ని విడిగా తీసింది 1948లో. సుబ్బారావు గారు చనిపోయిందీ ఆ ఏడే.

ఇంకోటి. ఆపరేషన్ తర్వాత వాంతులు ఆగకపోతే బీ1 కొన్ని వారాల్లోనే అయిపోవచ్చు. చూపు రెండుగా కనబడ్డా, నడక తూలినా, మనిషి తికమకపడ్డా అది ఎమర్జెన్సీ. వెంటనే హాస్పిటల్‌కి తీసుకుపోవాలె.

పెద్దబాపుకు ఇప్పుడు నెలకో బీ12 సూది. అది జీవితాంతం ఉంటుంది. తిమ్మిర్లు తగ్గినయ్, కానీ చీకట్ల నడక పూర్తిగా తిరిగి రాలే. ముందే అడిగి ఉంటే వచ్చేదేమో. నన్ను తినేస్తున్న మాట అదే.

మీ ఇంట్ల ఎవరికైనా జీర్ణాశయం మొత్తం తీసినా, కొంతే తీసినా, ఆ డిశ్చార్జ్ కాగితం ఫోటో తీసి ఫోన్‌ల పెట్టుకోండి. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా అది చూపించి, "బీ12 చూడాలా సార్?" అని ఒక్క మాట అడగండి. సొంతంగా మందులు మొదలుపెట్టకండి.

ఇది మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. ఉంటా మరి!