వేతనముపై పన్ను, నేలపై ఉపేక్ష

నవ పట్టభద్రులారా!

కొలది మాసములలో మీలో అనేకులు మాదాపూరులోనో, నానక్‌రామ్‌గూడలోనో కొలువులలో చేరి మొదటి జీతపు చీటీ అందుకొందురు. అందులో వృత్తిపన్ను అను పంక్తిని దాటిపోక పరిశీలింపుడు. తెలంగాణమున నెలకు 15,000 రూపాయల వరకు ఆ పన్ను లేదు. 20,000 వరకు 150. అటుపైన ఎంత గడించినను 200 మాత్రమే. కావున మీ కార్యాలయ ద్వారమున రాత్రియెల్ల మేలుకొని 21,000 తెచ్చుకొను కాపలాదారుడును, పై అంతస్తున లక్షలు గడించు అధికారియు చెల్లించునది సమానమే. ఏడాదికి 2,500కు మించరాదని 1988 నాటి రాజ్యాంగ సవరణ పైమెట్టును కట్టడి చేసినది నిజమే కాని, క్రిందిమెట్టును పైకి జరుపుటకు రాష్ట్రమునకు అడ్డేమియు లేదు. కేంద్రము 2025లో, కొత్త ఆదాయపుపన్ను విధానమున, ఏడాదికి 12 లక్షల వరకు ఆదాయము గల సామాన్య ఉద్యోగులను పన్ను నుండి విముక్తులను చేసినది, అది హర్షణీయము.

నేల సంగతి వేరు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైననాడు అధికభాగము రాళ్లగుట్టలుగా నుండిన హైదరాబాదు పడమటి ప్రాంతమున, కోకాపేటలో 2023 ఆగస్టు వేలమునందు ఎకరము నూరుకోట్లకు పైగా పలికినది. అది ప్రభుత్వభూమి గనుక ఆ ధనము ఖజానాకే చేరినది. కాని చుట్టుపట్ల ప్రైవేటు స్థలములకు పెరిగిన విలువ మాటేమి? 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు, 2019లో రాయదుర్గము చేరిన మెట్రో, ఇచ్చట శ్రమించు యువజనుల నైపుణ్యము ఆ విలువను పెంచినవే గాని, ప్రహరీ కట్టి ధర పెరుగువరకు వేచియుండిన యజమాని కృషి కాదు. అమ్మిననాడు కొంత పన్ను పడును; అమ్మనంతకాలము పడునది స్వల్పము. 1957లో వచ్చిన సంపదపన్ను, వసూలు తక్కువ, శ్రమ ఎక్కువ యను కారణమున 2015 బడ్జెటుతో రద్దైనది. లోపమున్న పన్నును సంస్కరింపవలసినది పోయి తొలగించుట నాకు సమ్మతము కాదు.

పెరిగిన భూవిలువపై పన్ను వేసినచో, పింఛనుతో బ్రతుకు వృద్ధులు, ఇంటి ధర పెరిగినంత మాత్రమున, నగదు ఎచ్చటినుండి తెత్తురని అడుగువారు కలరు. ఆ ప్రశ్న న్యాయమైనది. స్వయముగా నివసించు ఇంటిని మినహాయింపవచ్చును. లేదా పన్నును బాకీగా వ్రాసియుంచి, విక్రయకాలమున రాబట్టవచ్చును. ఖాళీ స్థలములను కూడబెట్టినవారికి ఈ సాకు చెల్లదు.

భూములపైనను భవనములపైనను పన్ను వేయు అధికారము రాజ్యాంగము రాష్ట్రములకే ఇచ్చినది. పట్టభద్రులారా, మీరు ఓటర్లు, రేపటి విధానకర్తలు: రహదారులు పెంచిన విలువలో ప్రజలకు వాటా ఈయవలెనని మీ శాసనసభ్యులను అడుగుడు.