పోతుచెట్టు ఏం పాపం చేసింది?

ఆ నల్లగౌన్లలో ఉడికిపోతున్న వనశాస్త్ర పట్టభద్రులారా, ఒక చెట్టు దగ్గరికి పోదాం.

పశ్చిమ కనుమల వానల అడవుల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగని చెట్టది. మలయాళంలో మూట్టిల్‌పళం అంటారు, మొదట్లో కాసే పండు అని. శాస్త్రనామం బకారియా కోర్టలెన్సిస్. అందులో రెండో మాట కుర్తాళం ఊరి పేరే. మన పనసలా, మేడిలా మానుకే కాస్తుంది. వానాకాలంలో నేలను ఆనుకుని ఎర్రటి గుత్తులు దిగుతాయి, మాను పాదాలకు పారాణి పెట్టినట్టు. ఒలిస్తే గింజను పట్టుకుని కాస్త గుజ్జు. మొదటి పండుకి పులుపుతో నా కళ్లు మూసుకుపోయాయి. రెండోది అడిగి మరీ తిన్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కేరళ అడవుల్లో చెట్ల లెక్కకు వెళ్లాను. చెట్టుకో నంబరు, చుట్టుకొలత, చివర్న రిమార్కుల గడి. కాసిన మూట్టిల్‌పళం చెట్లకు ‘ఉపయోగకరం’ అని రాశాను. పక్కనే అదే ఆకు, అదే బెరడు ఉన్నవి పదకొండు. వాటికి ఒక్క కాయ లేదు. ‘గొడ్డువి, తీసేయవచ్చు’ అని దర్జాగా రాసి సంతకం పెట్టాను. సాయంత్రం టీ తాగుతుంటే, ఏం రాశారని మా వాచరు అడిగాడు. చెప్పాను. గ్లాసు కింద పెట్టి నవ్వాడు. “సార్, అవి ఆణ్‌మరాలు. మగవి. అవి పోతే ఇవేం కాస్తాయి?”

నేను తాటితోపుల మధ్య పెరిగినవాణ్ణి. పోతుతాడు కాయదని మా ఊళ్లో పలక పట్టని పిల్లాడికీ తెలుసు. ఎమ్మెస్సీ చదివిన నాకు అడవిలో గుర్తు రాలేదు! పూతకాలంలో మళ్లీ వెళ్లి చూశాను. పదకొండు మాన్లూ నిలువునా పూసి ఉన్నాయి. వానకి సిరా నిలవదని పెన్సిల్‌తో రాశాను కాబట్టి బతికిపోయాను. చెరిపి, గడికి రెండక్షరాలు రాశాను: ‘మగ’.

మీరు నాకన్నా తెలివైనవాళ్లు, అందుకే మీ గురించి ఎక్కువ భయం. ఫోను ఎత్తితే క్షణంలో చెట్టు పేరు వచ్చేస్తుంది. పేరు తెలిస్తే చెట్టు తెలిసినట్టేనా? పెళ్లిపత్రిక చదివి పెళ్లికూతురు గుణం చెప్పేసినట్టుంది మీ వరస! ఆ మూల ఫోను ఎత్తిన అబ్బాయీ, నన్ను తియ్యకు నాయనా, నేను కాసే చెట్టును కాను.

ఒక్క పూట వెళ్లి, ఒక్క కాలం చూసి, చెట్టు బతుక్కి తీర్పు రాసెయ్యడం మన వృత్తికి పట్టిన జబ్బు. అది నాకూ పట్టింది, అందుకే ఇంతసేపు చెబుతున్నాను. రేపు మీ సంతకంతో చెట్లు కూలతాయి. మీరు నింపే ఆన్‌లైన్ ఫారం ఒకసారి పంపాక చెరగదు.

కాబట్టి పూతలో ఒకసారి, కాపులో ఒకసారి చూడండి. అప్పటిదాకా ఆ గడి ఖాళీగా ఉంచండి. పైవాళ్లు తొందర పెడితే, పెన్సిల్‌తో రాయండి.