దానముకంటె దానపాలనము మిన్న



దేవునికి భూదానము చేసినవారి పుణ్యమును గూర్చి మీరు అనేక పర్యాయములు వినియున్నారు. ఆ దానపు వ్రాతను కాపాడినవారి పుణ్యమును గూర్చి నేడు మనవి చేయదలచితిని. పూర్వపు దానశాసనముల చివర తరచుగా ఒక ధర్మము కానవచ్చును. ఇచ్చినవారికి స్వర్గమును, ఇతరులు ఇచ్చినదానిని పాలించినవారికి అంతకు మించిన అచ్యుతపదమును లభించునని దాని తాత్పర్యము.

2022 వరకు మన అనంతపురము జిల్లాలోనుండి, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన లేపాక్షిని చూడుడు. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరుపణ్ణ కట్టించిన వీరభద్రాలయపు గోడలపై స్వామికి సమర్పించిన గ్రామముల, భూముల వివరములు కన్నడమున చెక్కబడియున్నవి. రాయి నిలిచినది. అయితే శాసనములలో ఎల్లలు సాధారణముగా వాగు, గుండు, పుట్ట, చింతమాను అను గుర్తులతో చెప్పబడును. మాను కూలి, వాగు పూడినపుడు ఆ పొలమేదియో తెలుపగలిగినది గ్రామ కరణము కవిలెయే.

మనది కరవు సీమ. వాన లేని యేట పొలము బీడగును, రైతు వలస పోవును, గట్టు చెరగును. మరల వాన కురియునాటికి ఎవరి హద్దు ఎంతవరకో చెప్పుటకు వ్రాతయే సాక్షి. చెరువులను బాగుచేయువారికి మన సీమలో దశబంధమను ఇనాములుండెడివి. అది ఏ పనికొరకు ఇయ్యబడినదో తెలియకపోయినచో, పొలమును అనుభవించువాడుండును గాని కట్టకు మట్టి వేయువాడుండడు.

పూర్వులు ఈ లెక్కలను తాటాకులపైనను, చింతగింజల జిగురును బొగ్గును పూసిన గుడ్డ కడితములపైనను వ్రాసికొనిరి. 1800లో ఈ సీమ కుంపిణీవారి వశమైనపుడు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకుండి, పొలములను కొలిపించెను. కర్నల్ మెకంజీ, కావలి సోదరులు మొదలగువారి సహాయమున, గ్రామ కవిలెలనుండి కైఫియ్యత్తులను వ్రాయించెను. వానికి సి.పి. బ్రౌను ప్రతులు తీయించెను. మూలములు చెదలపాలైనను ప్రతులు మిగులుటచేతనే అనేక గ్రామముల పూర్వకథ మనకు దక్కినది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను, ఇనామును ఇచ్చినదెవరు, ఏ సేవకు, విస్తీర్ణమెంత, అనుభవదారెవరు అని విచారించి రిజిస్టరులలో నమోదు చేసెను. నేటికిని దేవాలయ భూముల వ్యాజ్యములలో అవి బలమైన సాక్ష్యములు. 1984లో కరణీకము రద్దయినది. ఒక యింటివారు తరతరములుగా మోసిన బాధ్యత నాటినుండి ఊరందరిదైనది.

“దేవుని సొత్తును దేవుడే కాచుకొనడా?” యని కొందరడుగుదురు. న్యాయశాస్త్రదృష్టిలో దేవతామూర్తి నిత్యబాలుడు. తన పొలమును తాను అడుగజాలడు. ఆయన పక్షమున పెద్దలే పత్రమును చూపవలెను. చూపలేకపోయినచో నిత్యదీపమునకు నూనె కరవగును, నైవేద్యమునకు గింజ కరవగును.

కావున మీ గ్రామమునకు పోయిన పిమ్మట ఈ పనులు చేయుడు. 1987 దేవాదాయ చట్టము 43వ సెక్షను క్రింది రిజిస్టరులో మీ గుడి మాన్యము ఎక్కినదో లేదో విచారింపుడు. రిజిస్ట్రేషను చట్టము 22-ఎ నిషేధ జాబితాలో ఆ సర్వే నంబరున్నదేమో చూడుడు. 2020లో ఆరంభమైన రీసర్వేలో నంబరు మారియున్నచో పాత నంబరును క్రొత్తదాని ప్రక్కనే వ్రాసియుంచుడు. ఇంట పాత దస్తావేజులున్నచో నకలు తీసి దేవాలయమున భద్రపరుపుడు. గుడిగోడపై శాసనమున్నచో దానిపై సున్నము పూయనీయకుడు.

ఎకరము భూమిని దానము చేయు శక్తి మనలో అందరికిని లేదు. పూర్వులు చేసిన దానమును నిలుపు శక్తి మాత్రము అందరికిని కలదు. ఆ పుణ్యమును అందుకొనుటకు స్వామి మనకు బుద్ధిని ప్రసాదించుగాక!

స్వస్తి.