కనిగిరి నీళ్ళు, డిగ్రీ చదువు



మేష్టారి పేరు నా వెనక కట్టిన గుడ్డ మీద పెద్దక్షరాలతో ఉంది కాబట్టి నేను మళ్ళీ చెప్పను. ఆయన ఉన్నన్నాళ్ళూ ఈ ఊళ్ళో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. కెమిస్ట్రీ మేష్టారంటే చాలు. వారి పిల్లలు ఈ స్మారకోపన్యాస నిధి పెట్టినప్పుడు ఒకటే షరతు పెట్టారు: ఉపన్యాసకుడు మేష్టారిని పొగడకూడదు, చదువు గురించి మాట్లాడాలి. నాకు అది అనుకూలంగానే ఉంది. పొగడ్త మొదలుపెడితే మీరిచ్చిన గంట చాలదు.

నా విషయం డిగ్రీ చదువు. మామూలు బి.ఏ., బి.ఎస్సీ. పెళ్ళిలో ఎవరైనా "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగితే ఆ పిల్ల గొంతు తగ్గించి "డిగ్రీ" అంటుందే, ఆ చదువు. అడిగిన పెద్దమనిషి ఊరుకోడు. "ఏం, ఎంసెట్ రాయలేదా?" అంటాడు. ఆ పరీక్ష పేరు మారి ఏళ్ళయింది గానీ ప్రశ్న మారలేదు.

ఇదే రాష్ట్రంలో గొంతు తగ్గించకుండా ఈ చదువే చదివే పిల్లలు కూడా ఉన్నారు. శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయం 2019లో మొదటి డిగ్రీ బ్యాచ్‌ని చేర్చుకుంది. అమరావతి పక్కన నీరుకొండలో ఎస్.ఆర్.ఎం. వాళ్ళు ఇంజనీరింగుతో పాటు ఆర్ట్స్, బేసిక్ సైన్సులు కూడా పెట్టారు. ఇలాంటి చోట్ల చేరినవాడు మొదటి ఏడాది అన్నీ రుచి చూస్తాడు. చరిత్ర, గణితం, తత్వశాస్త్రం, జీవశాస్త్రం, వ్యాసం రాయడం. ఆ తర్వాత తన ప్రధాన విషయం ఎంచుకుంటాడు. దీన్ని లిబరల్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ అంటున్నారు. అమెరికాలో పెద్ద విశ్వవిద్యాలయాలకు విడిగా ఉండే చిన్న డిగ్రీ కాలేజీల పద్ధతి ఇది. ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. నేను వెక్కిరించడం లేదు. తరగతికి కొద్దిమందే పిల్లలు, చేతినిండా రాతపని, ఎదురు ప్రశ్న వేస్తే సంతోషించే అధ్యాపకులు ఉంటే అది మంచి చదువే. నాకు స్తోమతు ఉంటే నా మనవరాలిని పంపేవాణ్ణి.

కాకపోతే, మన పాత బి.ఎస్సీ.లో ఏముండేదో ఒకసారి గుర్తుచేసుకోండి. గణితం, భౌతికం, రసాయనం మూడూ సమానంగా మూడేళ్ళు. మొదటి రెండేళ్ళు ఇంగ్లీషు, దానితో పాటు తెలుగో సంస్కృతమో. పొద్దున బ్యూరెట్ పట్టుకున్నవాడే మధ్యాహ్నం తెలుగు క్లాసులో ప్రబంధ పద్యానికి ప్రతిపదార్థం చెప్పాలి. ఆపైన ఫౌండేషన్ కోర్సులు: భారతీయ వారసత్వం, సైన్స్ అండ్ సివిలైజేషన్, పర్యావరణం. బి.ఏ. వాడికి చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి మూడూ కలిపి ఒక మూట. ఇవన్నీ ప్రభుత్వ కాలేజీలో వేలల్లో ఫీజుకే దొరికేవి. ఎవరూ దీన్ని లిబరల్ ఆర్ట్స్ అనలేదు. సిలబస్ అన్నారు, పూర్తిచేశారు.

అలాగని అదంతా స్వర్ణయుగమని చెప్పబోవడం లేదు. పక్కపక్క గదుల్లో ఉన్న సబ్జెక్టులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. పిల్లవాడు గైడు కొన్నాడు, ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీ పట్టాడు, మూడు సబ్జెక్టులు మూడు రోజుల్లో రాసి వచ్చాడు. విందుకు అన్నీ వండి ఎవరికీ వడ్డించని ఇల్లులా తయారైంది ఆ చదువు. నాలుగు సబ్జెక్టులు ఒకచోట కూర్చోవాలంటే వాటి ముందు ఒక ప్రశ్న ఉండాలి. అలాంటి ప్రశ్న కనిగిరిలో బోరు వేసిన ప్రతిచోటా ఉంది.

ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఈ సభలోనే నవ్వడానికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళున్నారు. అయితే ఒక విషయం మన పిల్లల్లో చాలామందికి తెలియదు. భారతదేశంలో ఈ జబ్బును వైద్యశాస్త్రం మొదట గుర్తించి రాసింది మన ప్రాంతం గురించే. 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి ఒక వ్యాసం ప్రచురించారు. కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోదే. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు అందులోకి వచ్చింది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. ఆ ముగ్గురిలో షార్ట్ తర్వాత లండన్ వెళ్ళి, మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాక్కుంటుందని 1948లో గార్న్‌హామ్‌తో కలిసి తేల్చినవాడు. పండిట్ గారు తర్వాత భారత వైద్య పరిశోధన మండలిని నడిపారు. అంత గొప్ప చేతులు మన నీళ్ళ సంగతి రాశాయి. మన బి.ఎస్సీ. పాఠంలో ఆ వ్యాసం ఎక్కడుంది?

ఇప్పుడు ఆ నీళ్ళను సబ్జెక్టులవారీగా చూద్దాం. భూమి కింద ఉన్న గ్రానైటు వంటి రాళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. నీరు ఏళ్ళ తరబడి వాటిని ఒరుసుకుంటూ ఉంటే కొంత కరుగుతుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగున దిగిపోతుంది. కాల్షియం తగ్గి, సోడియం బైకార్బనేట్ పెరిగిన నీటిలో ఫ్లోరైడ్ నిలిచిపోతుంది. ఇది బి.ఎస్సీ.లో చెప్పే ద్రావణీయతా లబ్ధం పాఠమే. మేష్టారు ఈ పాఠం చెప్పేముందు, పిల్లల్ని తమ ఊరి బోరు నీళ్ళు సీసాలో పట్టుకురమ్మనేవారు. ఈ.డి.టి.ఏ. తో కాఠిన్యం కొలిపించేవారు. సబ్బు బాగా నురగొచ్చే నీళ్ళు మంచివని అందరం అనుకుంటాం గదా. తరచు ఆ నీళ్ళనే అనుమానించాలని పిల్లలు బ్యూరెట్ ముందు నిలబడి కనిపెట్టేవాళ్ళు. ఫ్లోరైడ్‌కి రంగు లేదు, రుచి లేదు. నాలుక కనిపెట్టలేనిది గాజుగొట్టం కనిపెడుతుంది. సైన్స్ ఎందుకు చదవాలో పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

ప్రమాణం చూడండి. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము లోపల ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరే అంటుంది భారత ప్రమాణాల సంస్థ. ఒక అంకె ఉండవలసిన చోట రెండు ఎందుకున్నాయి? ఇక్కడ రసాయనం అయిపోయి రాజనీతి మొదలవుతుంది. వేరే దారి లేదని ఎవరు తేలుస్తారు, పంచాయతీయా, ఇంజనీరా, దాహం వేసినవాడా? వేసవిలో ఎండకు పనిచేసే మనిషి తాగే నీళ్ళు ఆఫీసులో కూర్చున్నవాడికి రెట్టింపు. అదే నీరు, అదే ప్రమాణం, ఒంట్లోకి పోయే మోతాదు మాత్రం వేరు. పళ్ళు ఏర్పడే వయసులో తాగిన బిడ్డకు మచ్చలు శాశ్వతంగా మిగులుతాయి. ఎముకలు పట్టేయడానికి ఏళ్ళు పడుతుంది. ఆ లోపల ఎన్నికలు నాలుగైదు జరిగిపోతాయి.

నివారణ సంగతీ ఇంతే. పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు వేసి కలిపి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు. దేశమంతా తెలిసిన ఆ పేరు ఒక తెలుగు జిల్లాది. పద్ధతి తేలిక, నడపడం కష్టం. పటిక మోతాదు నీటిని బట్టి మారాలి, మడ్డి తీసి పారెయ్యాలి, రోజూ ఒక మనిషి ఉండాలి. అందుకని ఇప్పుడు ఊరూరా ఆర్.ఓ. ప్లాంటు, ఇరవై లీటర్ల క్యాను. ప్లాంటులోంచి వదిలేసే నీళ్ళలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. అవి ఏ కాలవలోకి పోతున్నాయి, ఏ గొడ్డు తాగుతోంది? క్యాను కొనలేనిది ఎవరు? బి.ఏ. అర్థశాస్త్రం విద్యార్థి రాయాల్సిన వ్యాసం అది. దానికి వాడికి కెమిస్ట్రీ గదిలోని అమ్మాయి సాయం కావాలి.

నీటి గురించి ఎక్కువసేపు మాట్లాడాను, తెలిసే మాట్లాడాను. ఇంక చరిత్ర గురించి కొంచెం. బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి అనే ఇద్దరు 1905లో నెల్లూరు జిల్లా శాసనాలన్నీ మూడు సంపుటాలుగా అచ్చువేశారు. తాలూకాల వారీగా. అందులో కనిగిరి తాలూకాకి వేరే భాగం ఉంది. ఏ గుడి ముందు ఏ రాయి, ఎవరు ఎంత భూమి ఇచ్చారు, ఏ చెరువుకి ఎవరు మాన్యం పెట్టారు అన్నవి అందులో చూడొచ్చు. ఆ రాళ్ళలో ఇప్పుడెన్ని నిలబడి ఉన్నాయి, ఎన్నింటి మీద సున్నం కొట్టారు, ఎన్ని మెట్లకింద పోయాయి? చరిత్ర విద్యార్థులు పది సైకిళ్ళ మీద వెళితే తేలిపోయే పని. చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోన గుహాలయాలను ఎక్స్‌కర్షన్‌కి చూసొస్తాం, ఫొటోలు దిగుతాం. ఎనిమిది గుహలు కొండను తొలిచి చేశారు. ఏ పనిముట్టుతో తొలిచారో, ఆ రాయి ఏ రకమో భూగర్భశాస్త్రం తెలిసినవాణ్ణి వెంటబెట్టుకు వెళ్ళి అడిగినవాళ్ళని మాత్రం నేను చూడలేదు.

బేల్దారి పనులకి హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై వెళ్ళే మన మనుషుల సంగతి కూడా అంతే. పామూరు, వెలిగండ్ల, హనుమంతునిపాడు వైపు ఏ ఇంటి తలుపు తట్టినా ఒక మేస్త్రీ కథ ఉంటుంది. నీరు లేని ఊళ్ళకి, ఇళ్ళు కట్టే నగరాలకి మధ్య ఉన్న దారిని అర్థశాస్త్రంలో వలస అంటారు. మన విద్యార్థి పాఠ్యపుస్తకంలోని వలస నిర్వచనం రాస్తాడు. వాళ్ళ నాన్న ఆ సమయానికి బెంగుళూరులో పరంజా మీద ఉంటాడు.

ఈ చదువు ఇలా ఎందుకు చిక్కిపోయింది? కారణాలు చాలా ఉన్నాయి, కొన్నే చెబుతాను. ఒకప్పుడు చదువంటే ఊరు వదలడమే. ప్రకాశం పంతులు గారు కుర్రతనంలో గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు వెంట రాజమహేంద్రవరం దాకా వెళ్ళారు. తర్వాత కాలేజీలు మన దాకా వచ్చాయి. నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో, ఒంగోలులో ఆంధ్రకేసరి పేరుతో విశ్వవిద్యాలయం ఈమధ్యనే. దూరం తగ్గింది, సరే. అయితే ఇంకో సంగతి కూడా జరిగింది. 1969 ప్రాంతంలో ఇంటర్మీడియట్ డిగ్రీ కాలేజీ నుంచి విడిపోయి జూనియర్ కాలేజీ అయింది. అంతకుముందు పదహారేళ్ళ కుర్రాడు కాలేజీ గుమ్మం తొక్కగానే పెద్ద అధ్యాపకుల కళ్ళలో పడేవాడు. విడిపోయాక ఆ రెండేళ్ళూ నెమ్మదిగా ఎంట్రన్సు కోచింగులకు దఖలయ్యాయి. మూడేళ్ళ డిగ్రీకి మిగిలినవాళ్ళని ఇంజనీరింగు సీటు రానివాళ్ళుగా లోకం జమకట్టింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఆ లెక్క ఇంకా గట్టిపడింది. ఆ పథకం వల్ల చదువుకున్న పేదపిల్లలు వేలమంది ఉన్నారు, దాన్ని నేను తప్పుపట్టను. దాని నీడ డిగ్రీ మీద పడిందని మాత్రం అంటున్నాను.

నిబంధనలూ నిలకడగా లేవు. 2020లో ఒకసారి మారాయి, 2021–22లో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అన్నారు. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ అన్నేళ్ళు వేసిన డిగ్రీ పుస్తకాలు బీరువాల్లోకి వెళ్ళాయి. 2023–24లో ఒకే మేజర్ సబ్జెక్టు అన్నారు. మూడు సమాన సబ్జెక్టుల పద్ధతి పోయింది. మూడేళ్ళకు డిగ్రీ, నాలుగో ఏడు చదివితే ఆనర్స్. నా అభిప్రాయం దాచను: పద్దెనిమిదేళ్ళ పిల్లని ఒకే సబ్జెక్టులో కట్టెయ్యడం తొందరపాటు. శ్రీసిటీలో లక్షలు పోసి కొనుక్కునే వెసులుబాటుని కనిగిరిలో ఉచితంగా తీసేశాం. మైనర్ సబ్జెక్టు అని ఒక తలుపు ఉంది. కాలేజీలో ఏ అధ్యాపకులున్నారో వాళ్ళ మేరకే అది తెరుచుకుంటుంది. చిన్న కాలేజీలో అది సగం తెరిచిన తలుపే.

సిలబస్ మార్చే అధికారం ఈ గదిలో ఎవరికీ లేదు. అందుకని మన చేతిలో ఉన్నదే అడుగుతాను. ఈ స్మారకనిధి వడ్డీని ఏటా నాలాంటి వాళ్ళకి శాలువా, బస్సు ఛార్జీ కింద ఖర్చుపెట్టొద్దు. ఏడాదికి ఒక చిన్న పుస్తకం వేయండి. రాసేది విద్యార్థులు. ప్రతి పుస్తకంలో కనీసం మూడు డిపార్టుమెంట్ల పిల్లలుండాలి. తెలుగులో ఉండాలి, ఎందుకంటే చదవాల్సింది పంచాయతీవాళ్ళు, మిల్లులోవాళ్ళు, రాసిన పిల్లల అమ్మలు. మొదటి ఏడాది నీళ్ళు: కనిగిరి నియోజకవర్గంలోని ఆరు మండలాలు, ఊరికి రెండు సీసాలు, ఒకటి వేసవిలో, ఒకటి వానల తర్వాత. కెమిస్ట్రీవాళ్ళు కొలుస్తారు, ఎకనామిక్స్‌వాళ్ళు క్యాను ఖర్చు లెక్కేస్తారు, హిస్టరీవాళ్ళు ఆ ఊరి పాత బావుల సంగతి ముసలివాళ్ళనడిగి రాస్తారు, తెలుగు మేష్టారు వాక్యాలు సరిచేస్తారు. రెండో ఏడాది శాసనాలు. మూడో ఏడాది బేల్దారి. ఆ పైన మీ ఇష్టం. ఫ్లోరైడ్ కొలవడానికి కావలసిన రంగుమీటరు ఖరీదెంతో కనుక్కున్నాను, మేష్టారి అబ్బాయితో మాట్లాడాను కూడా. దాని సంగతి ఆయనే చెబుతారు.

ప్రశ్నలుంటే అడగండి. పామూరు బస్సుకి వెళ్ళాల్సిన ఆడపిల్లలు ముందు అడగాలి, తర్వాత మిగతావాళ్ళు.