భాషకు గూడు



న్యూజీలాండు మావోరీల ఇండ్లలో 1970ల నాటికి అవ్వ మావోరీలో పలుకరిస్తే మనుమడు ఇంగ్లీషులో బదులిచ్చే స్థితి ఏర్పడినది. తెలుగునాడు వెలుపల స్థిరపడిన కుటుంబాలకు ఈ దృశ్యం కొత్తది కాదు. బడిలో మాతృభాష పలికి దెబ్బలు తిన్న తరమది. బిడ్డలకు ఆ బాధ కలుగరాదని ఎందరో తల్లిదండ్రులు ఇంట ఆ భాషనే మానుకొన్నారు. వాత్సల్యమే భాషకు గండమైనది!

1982లో వెల్లింగ్టన్ సమీపాన వైనుయొమాతాలో తొలి ‘కోహాంగా రెయో’ వెలసినది. భాషాగూడు అని ఆ పేరుకు అర్థం. బడి ఈడు రాని శిశువులను అక్కడ భాష నిండుగా వచ్చిన అవ్వలు, తాతలు సాకేవారు. అన్నం, ఆట, జోల, ప్రార్థన, పెద్దలను పలుకరించే మర్యాద సమస్తమూ మావోరీలోనే. ఇంగ్లీషు గడప దాటి రారాదన్నది నియమం. పట్టాలేని అవ్వయే ఆచార్యురాలు. ఆ ప్రయత్నపు అసలు బలం ఈ నిర్ణయంలోనే ఉన్నది.

గూడు విడిచిన పిల్లలు ఇంగ్లీషు బడిలో చేరి మాట మరవసాగారు. అందుచేత 1985లో ఆక్లండులో మావోరీ మాధ్యమ పాఠశాల ఆరంభమైనది. 1987లో మావోరీ అధికారభాష అయినది.

హవాయివాసులు ఈ పద్ధతిని ఆదర్శంగా గైకొని, 1984లో కవాయి దీవిలో తమ తొలి గూడు కట్టుకొన్నారు. 1896 నాటి శాసనం అక్కడి బడులలో ఇంగ్లీషునే బోధనభాష చేసినది. దానిని సడలించుకొనుటకు తల్లిదండ్రులు 1986 వరకు పోరాడవలసివచ్చినది.